ఒక ఇంటి రెండు నీడలు

అండాలు చాటలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరుతోంది. ఎడమచేతి గాజుల పైన నల్లని రబ్బరు పట్టీ ఒకటి ఉంది. చెయ్యి కదిలినప్పుడల్లా అది గాజుల మీదికి జారుతోంది. ఆమె మోచేతి వైపు నెట్టుకుంటోంది. ఏరిన బియ్యం ఒక పక్కకు, ఏరనివి ఇంకో పక్కకు, మధ్యలో వేలితో గీత గీసి పెట్టుకుంది. సగం దాకా వచ్చింది.

"అండాలూ" అని లోపలి నుంచి పిలుపు వచ్చింది.

ఆమె చాట కింద పెట్టి లేచి మంచం దగ్గరికి వెళ్ళింది. "ఏందయ్యా" అంది.

"ఏం లేదు. ఉన్నవా అని."

"ఉన్న."

తిరిగి వచ్చేసరికి కోడి ఒకటి చాటలో కాలు పెట్టి కెలికింది. గీత పోయింది. ఏరినవీ ఏరనివీ కలిసిపోయాయి. అండాలు కోడిని కసరలేదు. చాట ఒళ్ళో పెట్టుకొని మళ్ళీ మొదటి నుంచి ఏరడం మొదలుపెట్టింది.

అరుగు చివర కూర్చొని నవనీత ఇదంతా చూస్తోంది. జిల్లా కేంద్రంలో కొత్తగా పెట్టిన మానసిక వైద్య ప్రయోగశాలలో ఆమెకు ఉద్యోగం. ఊళ్ళకు వెళ్ళి మనుషుల చేతులకు పట్టీలు కట్టడం, వాటిలో చేరిన సంగతులను అప్పుడప్పుడు వచ్చి ట్యాబ్‌లోకి ఎక్కించుకొని పోవడం ఆమె పని. పట్టీ నాడిని వింటుంది. నిద్రను, చేతి కదలికను గమనిస్తుంది. మాటలను దాచుకోదు కానీ, చుట్టూ ఉన్న గొంతుల హెచ్చుతగ్గులను పట్టుకుంటుంది.

"ఇంక ఎన్నిదినాలు కట్టుకోవాలె బిడ్డా దీన్ని?" అని అడిగింది అండాలు తల ఎత్తకుండానే.

"కొన్నాళ్ళే పెద్దమ్మా. నీ వైద్యం కోసమే గదా అది."

"నాకేం రోగమని వైద్యం? పడ్డది ఆయన."

"అండాలూ."

చాట మళ్ళీ నేల మీదికి దిగింది. ఈసారి నవనీత లేచి కోడిని తరిమింది.

అండాలు భర్త మల్సూర్ తాళ్ళు, అంటే తాటిచెట్లు, ఎక్కి కల్లు గీసే మనిషి. రెండేళ్ళ కిందట చెట్టు మీది నుంచి పడ్డాడు. నడుము కింద కదలిక పోయింది. చేతులు మాత్రం చెట్టు చుట్టూ మోకు వేసి బిగించిన నాటి చేతుల్లాగే ఉన్నాయి. అప్పటి నుంచి అతన్ని పక్కకు తిప్పడం, ఒళ్ళు తుడవడం, వీపు పుండ్లు పడకుండా పౌడరు అద్దడం, మూత్రం సంచి మార్చడం అన్నీ అండాలే. పిల్లలు లేరు. మొదట్లో అన్నీ హుషారుగానే చేసింది. పోనుపోను తిండి తగ్గింది. తల దువ్వుకోవడం మానేసింది. ఊళ్ళో ఆశా కార్యకర్త ఒకనాడు "ఎట్లున్నవ్ అండాలూ" అని పలకరిస్తే, "పండుకున్నదాన్ని లేవకుంటే మంచిగుండు" అందట, ఏం కూర వండావంటే చెప్పినంత మామూలుగా. ఆ మాట డాక్టర్ మృణాళిని దాకా వచ్చింది.

డాక్టర్ మృణాళినికి మందుల మీద నమ్మకం ఉంది, మాటల మీద నమ్మకం ఉంది. కానీ ఏ మనిషికి ఏది ముందు, ఏది ఎంత అనేది మాత్రం చీకట్లో తడుముకోవడమేనని ఆమెకు ఎప్పటి నుంచో బాధ. ఒక గోలీ పనిచేస్తోందో లేదో తెలియడానికి వారాలు పడుతుంది. పనిచేయకపోతే ఇంకొకటి, మళ్ళీ వారాలు. లేవడమే కష్టమైన మనిషికి ఆ వారాలు చాలా పొడుగు. ఆ బాధలోంచే నీడ పుట్టింది.

పట్టీ తెచ్చిన సంగతులతో యంత్రం ఆ మనిషి మనసుకు ఒక నీడను అల్లుతుంది. చూడ్డానికి తెర మీద నీలం రంగు గీత, అంతే. "ఈ గోలీ మొదలుపెట్టాం" అని చెబితే ఆ గీత ఆ మనిషిలాగే నిద్రపోతుంది, ఆ మనిషిలాగే లేస్తుంది, ఆ మనిషిలాగే విసిగిపోతుంది. టీ చల్లారేలోపు ఒక ఏడాది బతికేస్తుంది. ఏ దారిలో గీత కిందికి జారిందో ఆ దారిని మనిషి మీద పెట్టరు.

అండాలు నీడ తయారైన రోజు డాక్టర్ తెర ముందు నుంచి చాలాసేపు లేవలేదు.

"చూడు నవనీతా. పగలంతా ఈమె గుండె బరువుగా, నెమ్మదిగా నడుస్తోంది. చీకటి పడేసరికి వేరే మనిషి. నిద్ర లేదు. పిడికిలి బిగుసుకొని ఉంటుంది. ఇంట్లో చప్పుడు ఆగితే గుండె పరిగెడుతుంది. ఎవరిదైనా గొంతు వినబడితే అప్పుడు కుదుటపడుతుంది."

"ఒంటరితనానికి భయమా మేడం?"

"అలాగే ఉంది. పగలు పనిలో పడి అణచుకుంటోంది, రాత్రి బయటపడుతోంది."

ఆమె ఒక్కో దారీ నీడ మీద పెట్టి చూసింది. గోలీ ఒక్కటే ఇస్తే గీత కొంచెం లేచి ఆగిపోయింది. గోలీతోపాటు వారం వారం మాట్లాడితే ఇంకొంచెం లేచింది. ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి తోడుండేలా చేస్తే, గీత చిన్నగా మలుపు తిరిగి పైకి ఎక్కుతూ పోయింది.

"దొరికింది" అంది డాక్టర్. ఆ రోజు ఇద్దరూ చల్లారిన టీనే తాగారు.

*

అండాలుకు గోలీలు మొదలుపెట్టారు. తోడుగా కుదిరిన మనిషి ఈదమ్మ. బీడీలు చుడుతుంది. తునికాకూ పొగాకూ ఉన్న చాట చంకన పెట్టుకొని పొద్దున్నే వచ్చి, చీకటి పడ్డాక పోయేది. అండాలును ఒక్కదాన్నే వదలకూడదని ఆమెకు చెప్పారు. ఆమె ఆ మాటను గట్టిగా పట్టుకుంది.

"దొడ్డికి పోతే గూడ ఎంబడి వస్తవానె?" అని అడిగింది అండాలు.

"బయట నిలబడి ముచ్చట చెప్త వదినె. నీకు తోడు, నాకు పొద్దుపోత."

"నీ ముచ్చట్లకు కోళ్ళు గూడ గుడ్లు పెడ్తలేవ్."

"ఆటికి గూడ తోడు కావాలెనేమో" అని మంచం మీది నుంచి మల్సూర్ నవ్వాడు. ఈదమ్మ నవ్వింది. అండాలు నవ్వలేదు.

ఇల్లు మాటలతో నిండిపోయింది. మల్సూర్ ముఖంలో కళ వచ్చింది. అడిగి ఒక ముద్ద ఎక్కువ తింటున్నాడు. ఊళ్ళో ఎవరి గేదె ఈనింది, ఎవరి అల్లుడు అలిగి పోయాడు అన్నీ అతనికి తెలుస్తున్నాయి. అండాలు మాత్రం చెంబు పట్టుకొని నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగిపోయేది. ఎందుకు బయలుదేరిందో గుర్తు రానట్టు చెంబు వైపు చూసేది. నవనీత వచ్చిన ప్రతిసారీ ట్యాబ్‌లో నీడ గీత, పట్టీ తెచ్చిన అసలు గీత పక్కపక్కన పెట్టి చూసుకునేది. నీడ పైకి పోతోంది. మనిషి కిందికి పోతోంది.

డాక్టర్ ఫోనులో అండాలుతో మాట్లాడింది. చనిపోవాలనే ఆలోచన వస్తోందా అని తిన్నగానే అడిగింది.

"చచ్చుడుకు గూడ తీరిక ఉండాలె గదా మేడం" అంది అండాలు. తర్వాత, "చెవులల్ల జాగ లేదు. అంతే" అంది.

ఆ ఫోను పెట్టేశాక డాక్టర్ చేతులు బల్ల మీద పెట్టుకొని కూర్చుంది. "త్వరలో దారి దొరక్కపోతే ఈమెను ఆస్పత్రిలో చేర్చాలి. అప్పుడు ఆయన్ను చూసేవాళ్ళు లేరు కాబట్టి ఎక్కడైనా ఒక హోముకు పంపాలి. అలా విడిపోయిన ఇల్లు మళ్ళీ కలవకపోవచ్చు. నీడ ఎందుకు తప్పుతోంది నవనీతా? ఇప్పటిదాకా ఇంత తేడా రాలేదు."

నవనీత మరునాడు మొదటి బస్సు ఎక్కింది.

*

ఆమె వెళ్ళేసరికి ఇంకా ఎండ రాలేదు. ఈదమ్మ రాలేదు. తలుపు వారగా తెరిచి ఉంది. మంచం కింద చాప మీద అండాలు నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకొని, ఒక చెయ్యి చాప దాటి నేల మీద పడి ఉంది. ఎవరో పైనుంచి విసిరేసినట్టు ఉంది ఆ నిద్ర. చేతికి గాజులు తప్ప ఇంకేం లేవు.

నవనీత మంచం వైపు చూసింది. మల్సూర్ మెలకువగా ఉన్నాడు. అతని ఎడమచేతికి నల్లని పట్టీ ఉంది.

"పెదనాయినా, ఇదేంది మీ చేతికి?"

"మెల్లగ" అన్నాడతను గొంతు తగ్గించి. "ఇప్పుడే కన్నంటింది దానికి. రాత్రిపూట నాకు కడ్తది. పగటాల అది కట్టుకుంటది."

"ఎన్నడి సంది?"

"నువ్వు ఇచ్చిపోయిన నాటి సంది."

నవనీత గోడకు ఆనుకొని నిలబడిపోయింది. మాటల చప్పుడుకు అండాలు లేచి కూర్చుంది. పట్టీ వైపు, నవనీత ముఖం వైపు చూసి కొంగు సర్దుకుంది.

"వైద్యమని నువ్వే అంటివి గదా బిడ్డా. మంచంల పడ్డ మనిషిని పక్కన పెట్టుకొని నేనొక్కదాన్ని వైద్యం ఎట్ల చేయించుకుంట? పగలు నాకు పని తెమలదు, ఉంటే ఉండనీ అనుకున్న. రాత్రన్న ఆయనకు కొంచెం పనిచేస్తదని."

ఆ ఇంట్లో ఏది వచ్చినా రెండు పాళ్ళు చేయడం అలవాటు. ఒక జామపండు దొరికినా కత్తిపీట తీస్తారు. పట్టీని కొయ్యలేరు కాబట్టి పగలూ రాత్రీ చేసి పంచుకున్నారు. నవనీతకు అది అర్థమయ్యాక ఇంకో సంగతి తట్టింది.

"గోలీలు గూడ ఇచ్చినవా పెద్దమ్మా?"

"ఒకనాడు సగం ఇరిచి ఇచ్చిన. చేదని ఉమ్మేసిండు."

"అది గోలీయా, వేపకాయనా" అన్నాడు మల్సూర్. "మీ మేడంకు చెప్పు, కొంచెం బెల్లం కలుపుమని."

*

పట్టీ పంచుకున్న సంగతి విని డాక్టర్ నవ్వలేదు, కోప్పడలేదు. తెర మీద పాత నీడను తెచ్చి దాన్ని చూస్తూ ఉండిపోయింది.

"రెండు గుండెలను ఒక మనిషిగా చదివాను" అంది చివరికి. "రాత్రి భయం ఆయనది. పగటి బరువు ఈమెది. ఆయన భయానికి మందు రాసి, ఈమెకు తాగించాను."

ఈసారి రెండు పట్టీలు వెళ్ళాయి. ఇద్దరికీ ఒకేసారి కట్టి, మార్చుకోవద్దని నవనీత చెప్పింది. "ఇగ పంచుకునే పని లేదు, ఎవల వైద్యం వాళ్ళదే" అంటే అండాలు మొదటిసారి ఆ పట్టీని శ్రద్ధగా చూసింది.

కొన్నాళ్ళకు తెర మీద రెండు గీతలు వచ్చాయి. అండాలుది నీలం, మల్సూర్‌ది పసుపు. అంతకుముందు ఎప్పుడూ చెయ్యని పని డాక్టర్ చేసింది. రెండు నీడలనూ ఒకే ఇంట్లో పెట్టి కలిపి నడిపించింది.

పసుపు గీత నిశ్శబ్దం మొదలవగానే వణుకుతుంది. వణుకు పెరిగి పెరిగి ఒక పిలుపవుతుంది. పిలుపుకు జవాబు రాగానే కుదుటపడుతుంది. అదే సమయానికి నీలం గీతలో చిన్న గుంత పడుతుంది. గుంతలోంచి లేస్తుంది కానీ ముందున్న ఎత్తుకు రాదు. ఆ ఎత్తుకు వచ్చేలోపే ఇంకో పిలుపు. నవనీతకు చాటలో చెరిగిపోయిన గీత గుర్తొచ్చింది. ఆ మాట చెబితే డాక్టర్ చాలా ఓపికగా, కోడి సంగతితో సహా, అంతా చెప్పించుకుంది.

తర్వాత దారులు వెతికారు. ఆయన్ను కొన్నాళ్ళు హోముకు పంపితే? నీలం గీత గబగబా పైకి లేచి, కొద్దిరోజులకే ముందెప్పుడూ లేనంత కిందికి పడిపోయింది. పసుపు గీత సంగతి చూడబుద్ధి కాలేదు. గోలీ మార్చితే? కొంచెం మేలు. చివరికి ఒక దారిలో నీలం గీత నిలకడగా లేచింది. గోలీ, డాక్టర్‌తో మాటలు, వాటితోపాటు రోజూ సాయంత్రం అండాలు కాసేపు ఒక్కతే ఇల్లు దాటి పోవాలి. ఆ కాసేపూ ఆమెను ఎవరూ పిలవకూడదు. ఈదమ్మ తోడు అండాలుకు కాదు, మల్సూర్‌కు.

కానీ ఆ దారిలో పసుపు గీత కిందికి పోతోంది. అంతకన్నా కష్టమైంది ఇంకొకటి ఉంది. పిలుపు లేనట్టు డాక్టర్ చేత్తో దిద్ది చూపిస్తేనే ఆ దారి నడుస్తోంది. నీడలను వాటి మానాన వదిలితే, ప్రతి సాయంత్రం పసుపు నీడ పిలుస్తోంది, నీలం నీడ వెనక్కి తిరుగుతోంది.

"ఈదమ్మ పక్కనే ఉంటది గదా మేడం, ఎందుకు తిరిగొస్తుంది?"

"ఎందుకో యంత్రానికి తెలీదు. తిరిగొస్తుందని తెలుసు."

"మరి ఆయనకు చెప్పకుండా ఏమన్నా చెయ్యొచ్చా? మీ పిలుపే ఆమెను కుంగదీస్తోంది అంటే ఆయన ఏమైపోతడు?"

డాక్టర్ తెరను ఆపేసింది. "ఆయన మంచాన్ని దాటి ఈమెకు వైద్యం లేదు. దాచి చేస్తే అది వైద్యం కాదు, మోసం. నేనే వచ్చి చెబుతాను."

*

డాక్టర్ మంచం పక్కన స్టూలు మీద కూర్చొని, రెండు గీతలూ చూపించి, ఏదీ దాచకుండా చెప్పింది. మల్సూర్ ట్యాబ్‌ను రెండు చేతులతో పట్టుకొని చూశాడు.

"ఈ నీలం దాంట్ల గుంతలన్నీ నా పిలుపులేనా?"

"చాలావరకు."

"అంటే దాని రోగం నా నోరే అన్నట్టు."

అరుగు మీద ఉన్న అండాలు లోపలికి వచ్చింది. ఇన్నాళ్ళలో ఆమె గొంతు పెరగడం నవనీత మొదటిసారి విన్నది.

"ఆయన్ని ఏమనకుండ్రి మేడం. మంచంల ఉన్న మనిషి పిలువక ఏం చేస్తడు?"

"నేను ఆయన్ను అనడం లేదమ్మా. ఆయన భయం కూడా రోగమే, దానికీ వైద్యం చేస్తాను. మీ ఇద్దరివీ వేరు వేరు రోగాలు. నేనే ఒకటనుకొని తప్పు చేశాను."

"నేను పిలువకుంటే ఇది మంచిగైతదా?" అని అడిగాడు మల్సూర్.

"అదొక్కటే చాలదు. గోలీలు, మాటలు, నిద్ర అన్నీ కావాలి. కానీ అది లేకపోతే మిగతావి నిలబడవు."

"మరి నేను?"

"మీకు కొన్నాళ్ళు చాలా కష్టంగా ఉంటుంది. అబద్ధం చెప్పను."

అతను ట్యాబ్ తిరిగి ఇచ్చేసి ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

బయట డాక్టర్ అండాలును అడిగింది, "ఈదమ్మ ఉన్నా సరే, ఆయన పిలిస్తే వెనక్కి వస్తావు. ఎందుకమ్మా?"

అండాలు అరుగు మీద రాలిన పౌడరును చేత్తో తుడుస్తూ ఉంది.

"ఆయన పడ్డనాడు నేను పెండ్లిల ఉన్న మేడం. బ్యాండు మేళం మోగుతుండె. ఆయన తాళ్ళల్ల పడి నా పేరు పెట్టి ఒర్రిండట. ఒర్రి ఒర్రి గొంతు పోయింది. ఊరంతా పెండ్లిలనే ఉండె, ఎవ్వలు ఇనలే. నేను ఆ మేళం ఇనుకుంట నవ్వుకుంట కూసున్న. పొద్దుగూకినంక మేకలోళ్ళు సూసిండ్రు." ఆమె చెయ్యి ఆగింది. "అప్పుడు పలుకలే. ఇప్పుడు పలుకకుండ ఎట్లుంట?"

డాక్టర్ ఆ రోజు మొదలు వారం వారం మాటలకు ఫోను చాలదని, తనే రావడం మొదలుపెట్టింది.

సాయంత్రాలు మాత్రం నీడలు చెప్పినట్టే జరిగాయి. అండాలు చెప్పులు వేసుకొని ముంగిట్లో తడిక దాకా పోయేది. "అండాలూ" అని పిలుపు వచ్చేది. ఆమె వెనక్కి తిరిగేది.

"నేను లేనా అన్నా?" అనేది ఈదమ్మ. "నన్ను పిలువరాదు. నేను పలుకుత."

"నువ్వు పిలువకున్నా పలుకుతవ్."

అతనికి సిగ్గుగా ఉండేది. పిలిచాక కళ్ళు మూసుకునేవాడు. పిలుపు తన నోటి నుంచే వచ్చిందంటే నమ్మలేనట్టు పెదవులు తుడుచుకునేవాడు. నవనీత ఇదంతా తెచ్చి ప్రయోగశాలలో చెప్పింది.

"యంత్రం చెప్పినట్టే అయితాంది మేడం. ఇంక వేరే దారి లేదా?"

"నీడకు తెలిసింది నిన్నటి దాకానే నవనీతా" అంది డాక్టర్. "నిన్నటి దాకా చెయ్యని పనిని మనిషి చేస్తే, దానికి లెక్క లేదు. మనం చెయ్యగలిగింది, ఆయన ఆ పని చేసేదాకా గోలీలు ఆపకుండా, మాటలు ఆపకుండా ఉండటమే."

*

వానలు వెనకబడిన ఒక మధ్యాహ్నం నవనీత వెళ్ళేసరికి అండాలు అరుగు మీద బియ్యం ఏరుతోంది. ఈదమ్మ ఆకులు కత్తిరిస్తోంది. మల్సూర్ నవనీతను లోపలికి పిలిచాడు.

"బిడ్డా, ఆ కొక్కానికున్న మోకు తీసియ్యి."

అది గోడకు రెండేళ్ళుగా వేలాడుతోంది. దుమ్ము పట్టి, బరువుగా ఉంది. మల్సూర్ దాన్ని ఛాతీ మీద పెట్టుకొని అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడిచాడు. ఒకచోట ఆగి, వేళ్ళతో తడిమి మళ్ళీ కదిలాడు.

"మీ అయ్య ఏం పని చేస్తడు?"

"ఎవుసం పెదనాయినా."

"అయితే నీకు తెల్వదు. మేము తాళ్ళకు పొయ్యేటప్పుడు పోతున్న అని చెప్పం. మోకు భుజానేసుకొని బయటికి నడుసుడే. ఇంట్లోళ్ళు గూడ ఎన్కనుంచి పిలువరు. ఎక్కేటోని మనసు ఎన్కకు మళ్ళొద్దని." అతను గొంతు తగ్గించలేదు. అరుగు మీదికి వినబడుతుందని అతనికి తెలుసు. "పెండ్లయిన నాటి సంది పొద్దుగాల ఒకపారి, మాపటికి ఒకపారి పోయిన. ఒక్కనాడు పిలువలే అది. జ్వరమున్ననాడు గూడ పిలువలే. ఇంట్ల ఉప్పు లేకున్నా పిలువలే. ఎక్కినోడు దిగుతడో దిగడో తెల్వదు. దానికి భయం లేకపాయెనా? నోరు కట్టుకొని ఆ కడప కాడ నిలబడేది."

అతను మోకు చివరను పిడికిట్లోకి తీసుకున్నాడు.

"నేను ఎన్నడు ఎన్కకు తిరిగి సూడలే. ఎట్ల నిలబడేదో నాకు తెల్వదు."

అరుగు మీద చాటలో బియ్యం కదిలే చప్పుడు ఆగిపోయింది. ఈదమ్మ కత్తెర కూడా ఆగింది. తర్వాత బియ్యం చప్పుడు మళ్ళీ మొదలైంది, ముందుకన్నా నెమ్మదిగా.

ఆ మధ్యాహ్నం పిలుపు రాలేదు. అండాలు చాట చివరి దాకా ఏరింది. ఏరినదంతా డబ్బాలో పోసి, రాళ్ళు వాకిట్లో పారేసి, చాటను తలకిందులుగా తట్టింది. బావి దగ్గర ముఖం కడుక్కొని వచ్చి, మల్సూర్‌ను పక్కకు తిప్పి, నడుము వెనక దిండు పెట్టి, మంచినీళ్ళు చేతికి అందేంత దగ్గరలో ఉంచింది. అద్దం ముందు నిలబడి జుట్టు చిక్కు తీసుకుంది. చిక్కు చాలా రోజులది. దువ్వెన రెండు మూడుచోట్ల ఆగింది.

పొద్దు తాళ్ళ తలల మీదికి దిగింది. నవనీత ఒళ్ళో ట్యాబ్ తెరిచి ఉంది, పట్టీలు దగ్గరలోనే ఉండటంతో గీతలు అప్పటికప్పుడే అందులో పడుతున్నాయి. ఈ సాయంత్రానికి నీడలు గీసి పెట్టిన దారి అందులో ముందే ఉంది. పసుపు వణుకు, పిలుపు, నీలం గుంత.

అండాలు చెప్పులు వేసుకుంది.

"వదినె, ఎటు..." అని ఈదమ్మ నోరు తెరిచింది. మల్సూర్ మంచం మీది నుంచి చెయ్యెత్తాడు. ఈదమ్మ ఆ మాటను మింగేసి, చేతిలోని ఆకు వైపు చూసుకుంది.

తెర మీద పసుపు గీత పరుగెత్తుతోంది. పిలుపు వచ్చే చోటు దగ్గరపడింది. మల్సూర్ రెండు చేతులూ మోకును పట్టుకున్నాయి. ముంజేతుల మీద నరాలు లేచాయి. నుదుటి మీద చెమట పట్టింది. దవడ బిగిసింది. అతను కళ్ళు మూసుకోలేదు. తలుపులోంచి కనబడినంత మేరా ఆమె వీపునే చూస్తున్నాడు. నీడ గీసిన పిలుపు దగ్గరికి గీత వచ్చింది. దాన్ని దాటింది. అవతల నీడ గీయని చోట, వణుకుతూనే, పైకీ కిందికీ కొట్టుకుంటూ ముందుకు పోయింది.

అండాలు తడిక దగ్గర ఆగింది. రోజూ వెనక్కి తిరిగే చోటు అది. తడిక మీద చెయ్యి పెట్టి నిలబడింది, వెనక నుంచి రావలసినదాని కోసం ఆగినట్టు. కోడి ఒకటి ఆమె కాళ్ళ పక్క నుంచి నడిచిపోయింది. ఇంట్లోంచి ఏ చప్పుడూ రాలేదు.

ఆమె తడిక తీసింది. బయటికి అడుగుపెట్టి, మళ్ళీ దగ్గరికి వేసింది. వెనక్కి తిరిగి చూడలేదు. పోతున్నానని చెప్పకుండా, ఏమీ అనకుండా, తాళ్ళ వైపు బాట పట్టింది.